మా తాతయ్య నేర్పిన పగ

నా చిన్నప్పుడే నాకొక శత్రువు దొరికాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది, నా కోపం మాత్రం పోలేదు. నాలుగు దేశాల్లో పనిచేసి, రాయబారిగా రిటైరై, పోర్ట్ బ్లెయిర్‌లో నేను పుట్టిన డాలీగంజ్‌కే తిరిగొచ్చాను. దౌత్యం ఎక్కడ నేర్చుకున్నారని ఎవరైనా అడిగితే, మా తాతయ్య బోటు మీద అంటాను.

మా తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చి, దీవుల మధ్య తిరిగే బోటుకు సరంగు అయ్యాడు. దాన్ని నడిపేది ఆయనే. నేను ఆరో తరగతిలో ఉండగా మా బడికి ఒక విదేశీ రాయబారి వచ్చారు. ఆవిడకు ఇంగ్లీషులో స్వాగతం చెప్పే పని నాకిచ్చారు. నెల రోజులు బట్టీపట్టాను. తీరా ఆ ఉదయం, ఏర్పాట్లు చూస్తున్న పెద్ద అధికారి నాచేత రెండు ముక్కలు చదివించి, బోటువాళ్ల పిల్ల యాసతో పరువు పోతుందని అందరి ముందూ నవ్వాడు. కాగితం లాక్కుని తన కూతురికిచ్చాడు. నా చేతిలో పూలబుట్ట పెట్టారు.

దీపం వెలిగించడానికి పెద్దలంతా మెట్ల దగ్గర పాదరక్షలు విప్పి వేదికెక్కారు. నేను ఆ అధికారి బూటొకటి బుట్టలో పూల కింద దాచి, జెట్టీకి పరుగెత్తాను. సముద్రంలోకి విసరబోతుంటే తాతయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. ఏడుస్తూ జరిగిందంతా చెప్పాను. ఆయన తిట్టలేదు, ఊరుకోమనీ అనలేదు.

“ఇది పారేత్తే ఇంకోటి కొనుక్కుంటాడే గుంటా. రేపటికి నువ్వెవరివో యాద్ కూడా ఉండదు. పగంటే ఏటి? నీ పేరు ఆడికి జిందగీ భర్ గుర్తుండిపోవాల” అన్నాడు.

ఆ బూటును తన తువ్వాలుతో మెరిసేలా తుడిచాడు. మధ్యాహ్నం ఆ రాయబారిని దీవి చూపించడానికి తీసుకెళ్లాల్సింది తాతయ్య బోటే. అధికారి ఎవరివో అరువు చెప్పులతో వచ్చాడు. బోటు కదిలాక తాతయ్య నన్ను ముందుకు నెట్టి, ఎంతో వినయంగా, “సాబ్, మీ బూటు మా మనవరాలికి దొరికింది. ఉదయం స్పీచ్ చెప్పాల్సిన బచ్చీ ఇదే” అన్నాడు.

రాయబారి ఏమిటని అడిగారు. అధికారి తప్పనిసరై ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ స్పీచ్ వినాలని ఉందన్నారు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా, నా యాసలోనే చెప్పాను. అధికారికి ఆ బూటు ఒడిలో పెట్టుకుని వినక తప్పలేదు. ఆవిడ చప్పట్లు కొట్టి, ఈ అమ్మాయి పేరేమిటని అడిగింది నన్ను కాదు, ఆయన్ని. ఆయనకు తెలియదు. నన్నడిగి, ఆవిడకు చెప్పి, నాకు థాంక్స్ కూడా చెప్పాల్సి వచ్చింది.

ఆ రుచి మరిగాను. చదువైనా ఉద్యోగమైనా ఆ ఆకలితోనే. కొత్త దేశంలో చేరిన ప్రతిసారీ ఆ అధికారికొక కార్డు రాసేదాన్ని. కుశలమా అని ఒక ముక్క, కింద నా పూర్తి పేరు, హోదా, సొంతూరు పోర్ట్ బ్లెయిర్ అని. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఆయన పోయాక కూతురు ఉత్తరం రాసింది. నా కార్డు వచ్చిన రోజు నాన్న ఎవరితోనూ మాట్లాడేవారు కాదట. చదివి జాలి పడాలనుకున్నాను. చేత కాలేదు. మర్యాద తప్పకుండా కొట్టిన దెబ్బే అన్నిటికన్నా లోతుగా దిగుతుందని మాత్రం తెలిసింది.

ఇప్పుడు ఆదివారాలు మా ఊళ్లోని బతు బస్తీ పిల్లలకు నలుగురి ముందు మాట్లాడటం నేర్పుతున్నాను. చేరిన ప్రతి పిల్లనూ మొదట ఒకటే అడుగుతాను, “నీ వల్ల కాదన్నదెవరు?” తెలుగు రాయడం రానివాళ్లు హిందీలోనే ఆ పేరు నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకుంటారు. ఆ పేజీ చింపనివ్వను.