స్టేషను గోడ మీద అతికించిన జాబితా

తెనాలిలో నేను హెడ్ క్లర్కుగా పనిచేసిన కాలేజీలో ఆడపిల్లల చేత పరుగు పెట్టించాలన్న ఆలోచన ఇంగ్లీషు చెప్పే లెక్చరరుగారిది. తొంభైల మొదట్లో మాట. కొల్లూరు దగ్గర కృష్ణానది లంకలో అరటితోట పనికి వెళ్లిన ఒక స్త్రీ మీద అత్యాచారం జరిగింది. కేసు నడుస్తోంది. ప్రతి వాయిదాకీ ఆమె కూలి మానుకుని కోర్టుకి రావాలి. పరుగు పేరుతో వచ్చే చందా ఆమెకి ఇవ్వాలనీ, అంతకంటే ముఖ్యంగా ఊళ్లో అందరూ గుసగుసలాడుకుంటున్న సంగతిని పైకి మాట్లాడించాలనీ లెక్చరరుగారి ఉద్దేశం.

ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు గాని, బ్యానరు మీద అత్యాచారం అన్న మాట వద్దన్నారు. ‘స్త్రీల క్షేమం కోసం పరుగు’ అని రాయించమన్నారు.

“క్షేమం అంటే టీకాలు వేస్తారనుకుంటారు సార్,” అందావిడ.

చివరికి ‘స్త్రీలపై అత్యాచారాలు ఆపాలి’ అనే రాయించారు. పరుగు రోజున ప్రిన్సిపాల్ గారు గుంటూరులో పని పెట్టుకున్నారు.

ఏర్పాట్లు నావి. నలభై ఇద్దరు అమ్మాయిలు పేర్లిచ్చారు. అందులో సగం మంది రేపల్లె బండిలో వచ్చి పోయేవాళ్లు. శనివారం క్లాసులయ్యాక పరుగు. పిల్ల ఏ బండికి తిరిగొస్తుందో తెలియందే ఒప్పుకోమని చాలామంది తండ్రులు కబురు చేశారు. అందుకని ఒక జాబితా టైపు చేశాను. పేరు, తండ్రి పేరు, ఊరు, తిరిగి ఎక్కే బండి. ఒకే పేరున్న అమ్మాయిలు మా కాలేజీలో ఎప్పుడూ నలుగురైదుగురు ఉండేవాళ్లు. తండ్రి పేరూ ఊరూ లేకుండా నేను ఏ కాగితమూ తయారు చేసేవాణ్ణి కాదు. కార్బన్ పెట్టి మూడు ప్రతులు తీశాను. ఒకటి ఫైలుకి, ఒకటి కాలేజీ గేటుకి, ఒకటి స్టేషనులో టికెట్ల కిటికీ పక్క గోడకి. రిజర్వేషను చార్టు అతికించినట్టే అటెండరు చేత మైదాజిగురు పెట్టించి అతికించాను. లెక్చరరుగారికి చూపించలేదు. జాబితాలు ఆఫీసు పని.

పరుగు కాలేజీ నుంచి స్టేషను దాకా. కొందరికి కాన్వాసు బూట్లున్నాయి. చాలామంది చెప్పులు అటెండరు గోనెసంచిలో వేసి వట్టి కాళ్లతో పరిగెత్తారు. ఆటోలు ఆగాయి. టీ కొట్టతను, “ఏంటమ్మా, బండి వెళ్లిపోతోందా?” అన్నాడు.

ముందున్న అమ్మాయి ఆగకుండానే, “బ్యానరు చదువు బాబాయ్. అర్థం కాకపోతే మళ్లీ వస్తాం,” అంది. ఆ అమ్మాయి బి.కాం. రెండో సంవత్సరం. రేపల్లె అవతల నగరం అనే ఊరి నుంచి బస్సూ రైలూ మారి వచ్చేది.

పది రోజుల తరవాత ఆమె తండ్రి ఆమెని వెంటబెట్టుకుని ఆఫీసుకి వచ్చారు. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. కాలేజీ మాన్పిస్తున్నాం, టీసీ ఇమ్మని దరఖాస్తు ఒకటి, దాని పక్కన ఒక ఇన్‌లాండు ఉత్తరం నా బల్ల మీద పెట్టారు. ఉత్తరం ఆయన పేరు మీదే వచ్చింది. మీ అమ్మాయి రైల్లో నాతో మాట్లాడుతుంది, రోడ్ల మీద పరుగులు పెడుతుంది, మీ ఊరొచ్చి మీతోనే మాట్లాడతాను అని ఉంది. కింద పేరు లేదు.

రైల్లో ఒకడు రెండు నెలలుగా తన వెంట పడుతున్నాడని, స్నేహితురాళ్లు పిలవగా తన పేరు విని ఉంటాడని, వాడితో ఎప్పుడూ మాట్లాడలేదని అమ్మాయి చెప్పింది.

“మాట్లాడకపోతే నా పేరూ ఊరూ వాడికి ఎలా తెలుస్తాయండి?” అన్నారు తండ్రి. “ఈ పిల్లే చెప్పి ఉంటుందంటుంది వాళ్లమ్మ. బాపట్లలో మా చెల్లెలింట్లో ఉంచి కుట్టు నేర్పిద్దామనుకుంటున్నాం.”

ఉత్తరం తిప్పి చిరునామా చూశాను. ఆయన పేరుకి ముందు రెండు ఇనిషియల్సు, తరవాత ‘నగరం, వయా రేపల్లె’. నేను టైపు చేసిన వరసే. ఫైలు తీసి జాబితా పక్కన పెట్టాను.

“అమ్మాయి చెప్పలేదు మాస్టారూ. నేను చెప్పాను.”

ఆయన రెండూ కలిపి చూశారు. అమ్మాయి, “నాలుగు రోజుల నుంచి అదే చెప్తున్నాను నాన్నా,” అంది.

లెక్చరరుగారిని పిలిపించాను. ఆవిడ జాబితా చదివి, “స్టేషను గోడకా? తీయించారా?” అని అడిగింది. తీయించలేదు. నలుగురం వెళ్లాం. ఒక మూల చిరిగి, మిగతాది చదవడానికి వీలుగానే ఉంది. నీళ్లు తెచ్చి గోకి తీశాను.

అక్కణ్ణుంచి రైల్వే పోలీసుల దగ్గరికి వెళ్లాం. హెడ్ కానిస్టేబులు పుస్తకం తెరిచి, “అమ్మాయి పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పండి,” అన్నాడు. తండ్రి వెళ్లిపోదామని లేచి నిలబడ్డారు.

“ఫిర్యాదు నాదండి. నా పేరు రాసుకోండి,” అన్నాను.

“మీ వెంట పడ్డాడాండీ?” అని నవ్వాడు.

“ఈయన అతికించిన కాగితం చూసే వాడు ఆ ఉత్తరం రాశాడు. నవ్వడం అయ్యాక రాయండి,” అంది లెక్చరరుగారు. రాశాడు. తరవాత వారం రోజులు పొద్దుటి బండిలో ఒక కానిస్టేబులు ఎక్కాడు. వాణ్ణి పట్టుకున్నదీ లేనిదీ మాకు ఎవరూ చెప్పలేదు.

బయటికొచ్చాక తండ్రి, “నేను చెప్తే వాళ్లమ్మ నమ్మదండి. కూతుర్ని వెనకేసుకొస్తున్నానంటుంది,” అన్నారు.

ఆదివారం నగరం వెళ్లాను. వాళ్లు చర్చి నుంచి అప్పుడే వచ్చారు. గుమ్మంలోనే తల్లికి జాబితా, ఉత్తరం రెండూ చూపించి ఏం జరిగిందో చెప్పాను. ఆమె రెండూ చదివింది.

“ఇలాంటిది ఇంకెక్కడైనా ఉందాండి?”

“లేదమ్మా. గేటుది కూడా తీసేశాను. ఇదొక్కటే.”

ఆ కాగితం నాకు తిరిగివ్వలేదు. మడిచి చేతిలో పట్టుకుని కూతురి వైపు తిరిగింది.

“రేపు బండికి వెళ్తావా?”

“వెళ్తాను.”

“ఆ పరుగులకి మాత్రం వెళ్లకు.”

“మళ్లీ పెడితే వెళ్తానమ్మా.”

తల్లి నాతో, “మళ్లీ పెడితే పేర్లు మీరు రాయకండి,” అంది. రాయనన్నాను. జేబులోంచి టీసీ దరఖాస్తు తీసి మాస్టారికి ఇచ్చాను. ఆయన దాన్ని నిలువునా చించారు.