తలపాగా తీసి వచ్చిన మనిషి

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లకు మా ఇంట్లో మర్యాద ఉండేది కాదు. మా నాన్న వాళ్లను మధ్యలోనే ఆపి, "ముందు కళ్లు చూపించుకోండి" అనేవారు. నేనూ ఆ ఇంటి వాడినే. ఈ రోజుకీ దయ్యాలను నమ్మను. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతాను. దానికి పేరు మాత్రం పెట్టను.

పాల్వంచ దాటి అడవిలోకి వెళ్తే, రెండు గుట్టల మధ్య మా తాత చెరువుకు కట్టించిన మట్టికట్ట ఉండేది. దాని కింద పారే భూములన్నీ ఒకప్పుడు మావి. నా కాలానికి భూములు పోయాయి, కట్ట సర్కారుది అయింది. సారపాక కాగితం మిల్లుకు వెదురు తోలే కాంట్రాక్టరు దగ్గర నేను గుమాస్తాగా చేరాను. అయినా ఏటా వానలకు ముందూ, వానల్లోనూ వెళ్లి కట్టను చూసి వచ్చేవాణ్ని. ఆ పని నాకు ఎవరూ అప్పగించలేదు, ఎవరూ తీసేసుకోనూ లేదు.

మా తలపాగా గురించి ఇక్కడ చెప్పాలి. మా వంశంలో మగవాడు ఉత్త తలతో గడప దాటడు. సర్వం పోయిన రోజే పరాయివాళ్లకు తల చూపిస్తాడని మాట. తాత ఆ పట్టింపునే కట్ట కాపలాకు వాడుకున్నారు. కట్టకు ముప్పు వచ్చిన రోజు ఇంటి పెద్ద తలపాగా తీసి చేతిలో పట్టుకుని కిందికి వస్తాడు. ఆయన నోరు విప్పనక్కర్లేదు. చూసినవాళ్లు ఏమీ అడగకుండా గుట్ట ఎక్కాలి.

నాన్న పోయిన కొన్నేళ్లకు లోపలి అడవి నుంచి కొన్ని కుటుంబాలు వచ్చి కట్ట కింద గూడెం వేసుకున్నాయి. వాళ్లు మునుపున్న చోట ఎవరో కావాలని వరదొస్తుందని పుకారు లేపారు. వీళ్లు పారిపోగానే ఆ జాగా దున్నేసుకున్నారు. అందుకని ఎవరు లేవమన్నా లేచేవాళ్లు కాదు.

"ఇగ దేవుడొచ్చి చెప్పినా కదలం దొరా" అన్నాడు గూడెం పెద్ద సోమయ్య.

నేను తలపాగా సంగతి చెప్పాను. అతను నవ్వాడు. "గట్లయితే సరే. నువ్వు తల చూపిచ్చినవంటే మాతోపాటు నువ్వు గూడ మునిగినట్టే గద."

ఎనభైల మొదట్లో ఒక వానాకాలం. కట్ట వెనక వైపు ఊట కనిపించింది. పాత కట్టలకు ఊట ఉంటుంది. నీళ్లు తేటగా ఉన్నంతకాలం భయం లేదు. ఈసారి మట్టిరంగులో వస్తున్నాయి. అంటే కట్ట కడుపులో మన్ను కరిగిపోతోంది. తూము తలుపు తుప్పు పట్టి బిగుసుకుపోయింది, నీళ్లు వదిలి బరువు తగ్గించే దారి లేదు. అయితే చెరువు అప్పటికి సగమే నిండి ఉంది. తల చూపించాల్సినంత ముప్పు కాదనిపించింది. సోమయ్యకు ఊట చూపించి, నీటిపారుదల ఆఫీసులో చెప్పడానికి ఖమ్మం బస్సెక్కాను.

కట్ట తెగితే కింద మనుషులు పోతారా లేదా అన్నదాన్ని బట్టి ఆఫీసులో ప్రమాద స్థాయి వేస్తారు. మరమ్మతుల వరుసా దాన్ని బట్టే ఉంటుంది. మా కట్టది చిట్టచివరి స్థాయి. వాళ్ల మ్యాపు గూడెం రాకముందుది. గూడెం ఉందని చెప్పాను.

"మ్యాపుల అడవే ఉన్నది పెద్దమనిషీ. కోతులకు ప్రమాదమని రాయమంటవా?" అన్నాడు ఇంజనీరు. పక్క బల్లల వాళ్లు నవ్వారు.

కూర్చోమని ఎవరూ అనలేదు కనుక నిలబడే మాట్లాడాను. వాన తగ్గాక వచ్చి చూస్తామన్నారు. ఆ వాన రాత్రంతా తగ్గలేదు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరిన బస్సు పాల్వంచ దాటాక ఒక వాగు దగ్గర ఆగిపోయింది. వంతెన మీద నీళ్లు. అవతలి ఒడ్డు నుంచి గూడెం నాలుగైదు మైళ్లు. దిగి నడుస్తానంటే కండక్టరు నా చెయ్యి పట్టుకుని లాగాడు. చీకటి పడేదాకా అక్కడి టీ కొట్టు చూరు కింద నిలబడ్డాను. కొట్టు ఆమెకు నా తలపాగా మీద కన్ను పడింది.

"విప్పి పిండుకో పెద్దయ్యా. నెత్తిల చేపలు పడ్తయ్."

అందరూ నవ్వారు. నేను విప్పలేదు. ఆ రోజు నేను ఎక్కడ ఉన్నానో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అవసరం లేదనుకుంటాను.

మరుసటి ఉదయం వాగు తీశాక నడిచి వెళ్లాను. గుట్టల మధ్య కట్ట లేదు. అది ఉన్న చోట ఆకాశం కనిపిస్తోంది. కింద గూడెం లేదు. ఇళ్లూ గింజలూ పశువులూ అన్నీ పోయాయి. బురదలో ఒక రోలు మాత్రం బోర్లా పడి ఉంది.

అప్పుడు గుట్ట మీద పొగ కనిపించింది. ఎక్కి చూస్తే అందరూ ఉన్నారు. పిల్లాజెల్లా, ముసలీముతకా, ఒక్కరు తగ్గలేదు.

సోమయ్య నా కాళ్ల మీద పడ్డాడు. "నువ్వు రాకపోతే అందరం పోయేటోళ్లం దొరా."

"నేను రాలేదు సోమయ్యా. వాగు అవతల చిక్కుకున్నాను."

"ఏంది దొరా, నిన్న పగటేళ కట్ట దిక్కు నుంచి రాలేదా? తలగుడ్డ చేతుల పట్టుకొని ఇంటింటి ముంగట నిలబడ్డవ్. పలకరిస్తే పలకలే. మేమంతా చూసినం."

చుట్టూ ఉన్నవాళ్లు "అవ్, అవ్" అన్నారు. నేను గొప్ప చెప్పుకోవడం ఇష్టంలేక అలా అంటున్నానని వాళ్లు అనుకున్నారు. అప్పుడు సోమయ్య తల్లి ముత్తమ్మ దగ్గరికి వచ్చింది.

"నెత్తి మీద గంత పెద్ద మచ్చ ఏంది దొరా? చెవి కాన్నుంచి నడినెత్తి దాంక?"

నా తల మీద ఏ మచ్చా లేదు. ఆ మచ్చ మా నాన్నది. వయసులో ఉన్నప్పుడు తూము తిప్పే ఇనుప పిడి ఎగిరి తగిలిన గాయం. అమ్మకూ నాకూ మంగలికీ తప్ప ఎవరికీ తెలియదు. మంగలీ అమ్మా పోయారు. గూడెం వాళ్లు మా నాన్నను ఎన్నడూ చూడలేదు. ఆయన పోయాకే వచ్చారు. ముఖం మాత్రం మా ఇద్దరిదీ ఒకే అచ్చు అనేవారు.

కట్టే లేనప్పుడు ఇక దాచడానికి ఏముంది? అందరి ముందూ తలపాగా విప్పాను. ముత్తమ్మ నా తల వంచి, తడి జుట్టు పాయలు పాయలుగా తీసి వెతికింది. పేలు చూసినట్టు ఓపిగ్గా వెతికింది.

"లేదు" అంది. తర్వాత నా ముఖంలోకి చూసి, "మరి గాయన ఎవలు?" అని అడిగింది.

తర్వాత ఆఫీసు వాళ్లు వచ్చి కట్ట కింద గూడెం ఉండేదని రాసుకుని వెళ్లారు. ఆ తలపాగా పద్ధతి తెలిసిన పాత రైతులను నేను ఒక్కొక్కరినీ అడిగాను. ఆ వానలో ఎవరూ ఇల్లు కదల్లేదన్నారు. కదిలినా, ఆ ముఖం, ఆ మచ్చ ఎక్కడి నుంచి తెస్తారు?

భూములు వేలం వేసిన రోజున కూడా నాన్న తలపాగా తీయలేదు. దాంతోనే వాకిట్లో నిటారుగా నిలబడ్డారు. అలాంటి మనిషి, ముఖం కూడా తెలియని వాళ్ల గుమ్మాల ముందు తల చూపించారా? చూపించింది ఆయనేనా?