ఆకుపచ్చ గేటు దాకా

మార్చి పన్నెండు, నాడి నూట నలభై రెండు. గుండెజబ్బు చేశాక నూట పది దాటకూడదని డాక్టరు హెచ్చరించిన ఆ మనిషి, ముప్పయ్యేళ్లు సైకిలు మీద ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసిన మనిషి, దుకాణంలో స్మార్ట్ ట్రైనర్‌ను, అంటే ఉన్నచోటే సైకిలు తొక్కిస్తూ తెర మీద లెక్కలు చూపే యంత్రాన్ని, వరుసగా రెండో రోజూ తొక్కి చూస్తున్నాడు. తెర మీద అంకె మారినప్పుడల్లా ఆయన చేయి చెవి వెనక పెన్సిలును తడుముతోంది.

“నాన్నా, ఆపండి! ఎవరితో పందెం?”

“నిన్నటికంటే దూరం తక్కువ చూపిస్తోందమ్మా. రీడింగు వెనక్కెళ్తే మీటరు చెడిందంటారు.”

నవ్వబోయిన కూతురు ఆయన మణికట్టు పట్టుకుని ఆగిపోయింది. చివరికి మామూలు ట్రైనరే కొన్నది: వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప స్టాండు, అంతే. “అంకెలు లేకుండా ఎంత తొక్కానో ఎలా తెలుస్తుంది?” అంటూ ఆయన దారంతా మూతి ముడుచుకున్నాడు.

మరుసటి వారం ఆయన వసారాలో కళ్లు మూసుకుని, తాను మీటర్లు చూసిన పాత వీధిలో నెమ్మదిగా తొక్కుతున్నాడు. పక్కన బఠానీలు ఒలుస్తున్న భార్య అడిగింది: “ఎందాకా వచ్చారు?”

“ఆకుపచ్చ గేటు దాకా.”

“కుక్కుందా?”

“కట్టేశార్లే.”

“అయితే దిగి మంచినీళ్లు తాగండి.”

దిగాడు. కూతురు నాడి చూసింది: నూట నాలుగు. ఆ అంకె ఆయనకు చెప్పలేదు.