లోర్నా ఓటు

ఇది ఒక నిండు గర్భిణిని దేశం నుంచి వెళ్లగొట్టబోయిన ఘనుడి కథ. ఆ ఘనుడు పోలీసూ కాదు, మంత్రీ కాదు, ఆవిడ మొగుడు. అంటే నేనే. ఇరవై ఏళ్లు దాటిపోయినా తలుచుకుంటే ఇప్పటికీ నీరసం వస్తుంది. మీరు నవ్వుకోండి, నాకు ఓపిక లేదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. అన్నాయన ఎవరో గానీ, విదేశీ పెళ్లాన్ని వెంటబెట్టుకుని పోలీసాఫీసు బెంచీ మీద కూర్చుని చూసి ఉండడు.

మస్కట్‌లో ఒక ఆసుపత్రిలో నేను ఎక్స్‌రేలు తీసేవాణ్ని. లోర్నా అక్కడే నర్సు, ఫిలిప్పీన్స్ అమ్మాయి. అక్కడే పెళ్లి చేసుకుని, ఇక ఇక్కడే ఉండిపోదామని రెండు వేల అయిదులో నర్సీపట్నం వచ్చేశాం. ఆవిడకి ఏడాది వీసా ఇచ్చారు. దిగిన రెండు వారాల్లోపే విశాఖ వెళ్లి, విదేశీయుల వివరాలు రాసుకునే పోలీసాఫీసులో పేరు రాయించాను కూడా. అంతవరకూ నేను బుద్ధిమంతుణ్నే అని మనవి.

నా బుద్ధిని తప్పించినవాడు మా జీవరత్నం బావ. ఎమ్మార్వో ఆఫీసు ముందు అర్జీలు రాయడం ఆయన వృత్తి. మా వీసా సంగతి విని మొహం అదోలా పెట్టాడు.

"ఏటి బావా, ఏడాదికోపాలి వీసా ఏటి? కాపరం అనుకున్నావా, సెల్లు రీచార్జనుకున్నావా?"

"రూలంతే బావా."

"రూలు నాకు సెప్పకు. ముందు రేషన్ కార్డులో పేరెక్కించీ. రేషన్ కార్డుంటే ఓటు కార్డు వచ్చీసినట్టే. ఓటు కార్డుంటే ఇంక మన మనిషే. వీసా ఎవుడడుగుతాడు?"

"ఆవిడది వేరే దేశం కదా?"

"మీ ఇంటి కోడలు కాదేటి?"

కోడలే మరి! పైగా మా వైపు బడికైనా, ఆసుపత్రికైనా, గ్యాసు బండకైనా ముందు అడిగేది రేషన్ కార్డే. పుట్టామనడానికి మనిషి ఎదురుగా నిలబడితే చాలదు, కార్డులో ఉండాలి. బావ ఫారం నింపాడు. 'నేను భారత పౌరురాలిని' అని అందులో అచ్చు వేసి ఉన్న ముక్క నేను చదవలేదు. "ఇక్కడ సంతకం పెట్టు" అని లోర్నాకి చూపించాను. ఆవిడకి అప్పటికి తెలుగు రాదు, మొగుడి మీద నమ్మకం ఉంది. మూడు నెలల్లో రెండు కార్డులూ వచ్చాయి. మా అమ్మ ఆ ఓటు కార్డుని బైబిల్లో పెట్టి దాచింది.

ఏడాది కావస్తోంది. లోర్నాకి ఏడో నెల. వీసా పొడిగింపుకని విశాఖ బస్సెక్కాం. పాస్‌పోర్టూ, పెళ్లి సర్టిఫికెట్టూ సరిపోయేవి. కానీ అర్జీకి బలంగా ఉంటుందని నేను రేషన్ కార్డూ, ఓటు కార్డూ కూడా జతచేసి, బాగా కనబడాలని వాటిని పైన పెట్టాను.

ఆఫీసరు గారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఈవిడ?"

"నా భార్యండీ."

"ఏ దేశం?"

"ఫిలిప్పీన్సండీ."

"మరి ఈ ఓటు కార్డు ఏ దేశానిది?"

"మనదేనండీ," అన్నాను. గర్వంగా అన్నానండీ, అదీ నా బాధ.

"మన దేశస్థురాలైతే వీసా కోసం నా దగ్గరకెందుకొచ్చారు? కాకపోతే ఈ కార్డెలా వచ్చింది? రెండిట్లో ఏది అబద్ధమో చెప్పండి, రాసుకుంటాను."

ఏమైందని లోర్నా ఇంగ్లీషులో అడిగింది. చిన్న ఫారాల గొడవ అన్నాను. "ఎక్స్‌రే పాడుచేసినప్పుడల్లా నువ్వు ఇలాగే అంటావు," అంది.

ఆఫీసరు గారు ఆవిడ వేళ్లకేసి చూసి, ఎప్పుడైనా ఓటేశారా అని ఇంగ్లీషులో అడిగారు. లేదు, ఇంకా ఎన్నికలు రాలేదంది.

"బతికించావమ్మా," అని నావైపు తిరిగారు. "చూడండి, మనవాళ్ల భార్యలకి వీసా ఏడాదేడాదీ పొడిగిస్తూ ఉంటాం. ఏడేళ్లు ఇక్కడ కాపురం ఉన్నాక పౌరసత్వానికి పెట్టుకోవచ్చు. అది వచ్చాక ఓటు. మీరు చిట్టచివరి మెట్టు మొట్టమొదట ఎక్కారు. వీసా గడువు పది రోజులుంది. ఈలోగా ఓటర్ల జాబితాలోంచి పేరు తీయించి కాగితం తెండి. తేకపోతే ఈవిడ వెళ్లిపోవాలి."

భయమేసింది. కడుపులో బిడ్డతో ఆవిడ ఒక్కర్తీ విమానం ఎక్కడం కళ్లముందు కనబడింది. తిరుగు బస్సు అనకాపల్లి దాటాక లోర్నా ఒక్కటే అడిగింది: "నాకు ఓటు కావాలని నిన్ను అడిగానా?"

తిన్నగా బావ దగ్గరికి పరిగెత్తాను. బావ గడ్డం గోక్కున్నాడు. "ఎక్కించడం నాకొచ్చు గానీ బావా, దించడం ఎప్పుడూ సేయలేదు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కింది ఒక్క పూటే, కడగడానికి మాత్రం తొమ్మిది రోజులు పట్టింది. సారు మీటింగుకెళ్లారు, ఫారాలు అయిపోయాయి, సారు భోజనానికెళ్లారు. ఆఖరికి ఫారం దొరికింది. ఇంక ఎవర్నీ నమ్మనని, జేబులోంచి కార్డు తీసి నంబరు చూసి నా చేత్తో నేనే నింపాను. 'పై నంబరు గల ఓటరును తొలగించడమైనది' అని గుండ్రటి ముద్రతో కాగితం వచ్చింది. ఆఫీసరు గారు ముద్ర చూసి వీసా పొడిగించారు. "ఇంకెప్పుడూ అర్జీకి బలం పట్టించకండి," అని నమస్కారం పెట్టారు. బస్సులో నేను ఏడ్చాను. లోర్నా చూడనట్టు కిటికీలోంచి చెరుకు లారీలు చూసింది.

పాప పుట్టింది. దానికి మూడో ఏడు నడుస్తుండగా ఎన్నికలొచ్చాయి. ఇస్త్రీ చొక్కా వేసుకుని బూతు దగ్గరికి వెళ్లాను. చీటీలు రాసే కుర్రాళ్లు జాబితా రెండుసార్లు తిరగేశారు.

"నీ పేరు నేదన్నా."

"సరిగ్గా చూడరా! పుట్టింది ఇక్కడే."

"సూసానన్నా. నీది కొట్టీసారు. వొదినగారిదుంది. పంపీ, బేగి ఏసెల్లిపోతాది."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ తొమ్మిదోరోజు నా జేబులో రెండు కార్డులున్నాయి. నేను చూసి రాసింది నా కార్డు నంబరు. నన్ను నేనే, స్వహస్తాలతో, అర్జీ పెట్టుకుని మరీ తీయించుకున్నాను.

ఇంటికొచ్చి చెప్పాను. లోర్నా పాపకి పప్పన్నం పెడుతోంది. అప్పటికి మా అమ్మ దగ్గర తెలుగు బాగా పట్టేసింది. కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. నవ్వి, కొంగుతో తుడుచుకుని, నేను వందసార్లు చెప్పుకున్న ఆ ఆఫీసరు గారి గొంతుతో అడిగింది:

"నాకాడ వీసా ఉంది. మరి నీకాడ ఏటుంది? సెప్పు, రాసుకుంతాను."

మర్నాడు ఆవిడే వెళ్లి, ఆవిడ పేరు తీయించి, నా పేరు ఎక్కించడానికి అర్జీ పెట్టి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసింది.

కావున సమస్త జనులకు తెలియజేయునది ఏమనగా, నేను ఇకమీదట ఏ ఫారమూ నింపను, ఏ అర్జీకీ బలం పట్టించను. లోర్నా వేలు పెట్టి చూపించిన చోట సంతకం మాత్రం చేస్తాను, అదీ ఆవిడ చదివి వినిపించాక. దీనికి సాక్షి సంతకం జీవరత్నం బావ చేస్తానన్నాడు. వద్దన్నాను.