పీట మీద ముద్దాయి

మా అత్తయ్య పోయారు. మొన్న ఆదివారం పొద్దున, చర్చికి కట్టుకోవాల్సిన చీర మంచం మీద తీసిపెట్టుకుని, అలాగే ఒరిగిపోయారు. మా దీవిలో, ఈ మిన్నీ బే పేటలో ఆమెని ఎరగని తెలుగిల్లు లేదు. అయినా నేను ఎరిగిన అత్తయ్యని మీకు చెప్పకపోతే నాకు తోచదు.

పెళ్లయ్యాక దూరవిద్యలో క్రిమినల్ జస్టిస్ డిగ్రీ చదువుతానంటే ఇంట్లో ఎవరికీ రుచించలేదు. హార్బర్‌లో చేసి రిటైరైన మామయ్య, సంసారికి దొంగల చదువెందుకని పేపర్ వెనక నుంచే సణిగారు. మొదటి ఏడాది సాక్ష్యాల పేపర్ తప్పాను. ఇంక చాలన్నారాయన. అత్తయ్య మాత్రం వంటింట్లో పీట తెచ్చి నా పుస్తకాల ముందు వేసుకుని కూర్చున్నారు. తానే ముద్దాయినన్నారు, అడగమన్నారు.

ఆమెకి తెలుగు బైబిలు తప్ప వేరే చదువు లేదు. నా పాఠాలన్నీ ఇంగ్లీషు. రోజూ సాయంత్రం ప్రార్థన కాగానే, చదివిన పాఠాన్ని కేసుగా మార్చి ఆమెని విచారించాలి. ఆమెకి అర్థమయ్యేలా అడగలేకపోతే నాకే అర్థం కాలేదని లెక్క. మహా మొండి ముద్దాయి. కొబ్బరికాయలు ఎత్తుకుపోయేవారు, డీజిల్ డబ్బా మాయం చేసేవారు, గట్టిగా అడిగితే కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేవారు. నేను నిలబడి ప్రశ్నిస్తే అసలు నోరే విప్పేవారు కాదు. విసుగొచ్చి ఎందుకని అడిగాను.

"బయమేసినోడు నీకు కావలిసింది సెప్తాడు గానీ నిజం సెప్పడు. నువ్వూ కూకో. ఆరామ్‌సే, నిమ్మళంగా అడుగు" అన్నారు.

అప్పట్నుంచి చాప మీద కూర్చునే అడిగాను.

ఒకరోజు కోళ్ల దొంగ వేషం. చాలాసేపు బుకాయించి, చివరికి కోడిని తానే పట్టుకుపోయానని గొంతెత్తి ఒప్పుకున్నారు. అప్పుడే పక్కింటి దీదీ మా కిటికీ పక్క నుంచి వెళ్తోందని మాకేం తెలుసు? ఆవిడదీ మా సంఘమే. పైగా ఆవిడ కోడి ఒకటి నిజంగానే కనబడటం లేదు. ఆదివారం చర్చిలో ఆడవాళ్లంతా అత్తయ్యని ఓరగా చూసి, దారి తప్పిన సహోదరి కోసం కళ్లు మూసుకుని ప్రార్థించారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె తాపీగా ఆమెన్ అన్నారు.

ఇంటికొచ్చే దారిలో, వెనక్కెళ్లి దీదీకి చెప్పేద్దామంటే ఆపారు. "దువా సేస్తే వద్దంటామేటి? అది సరేగానీ, దీదీ సెవులారా ఇంది. మిగిలినోళ్లు దీదీ సెప్తే ఇన్నారు. ఆళ్ల మాట కోర్టులో సెల్లుద్దా?"

నేను పరీక్షలో తప్పింది సరిగ్గా ఆ పాఠం దగ్గరే. నవ్వాపుకోలేక, ఒకరు చెప్తే విన్న మాట సాక్ష్యంగా చెల్లదని రోడ్డు మీదే జవాబు చెప్పాను. ఆ కోడి పొదల్లో ఎక్కడో పొదిగి, పిల్లల్ని వెంటేసుకుని తిరిగొచ్చింది. దీదీ ఒక పిల్లని తెచ్చి అత్తయ్య చేతిలో పెట్టి, తలొంచుకుని వెళ్లిపోయింది. ఆ పేపర్ మళ్లీ రాసి పాసయ్యాను.

ఆఖరి ఏడాది పరీక్షలు వచ్చే నెలలో. భూస్థాపన అయ్యాక పుస్తకం తెరిస్తే ఒక్క ముక్క తలకెక్కలేదు. ఎవరిని అడగను? ఇక నావల్ల కాదు, మానేస్తానని మా ఆయనతో చెప్పేశాను. మామయ్య విన్నారో లేదో తెలియదు.

నిన్న సాయంత్రం ప్రార్థన కాగానే ఆయన లేచి వంటింట్లోకి వెళ్లారు. పీట తెచ్చి నా చాప ముందు వేశారు. మోకాళ్ల నొప్పుల మనిషి, గోడ పట్టుకుని మెల్లగా కిందికి దిగారు. పేపర్ చంకలోనే ఉంది.

"కోడి సంగతి నాకేటీ తెల్దు" అన్నారు, నా వంక చూడకుండా. "అడుగమ్మా."