తీసిపెట్టిన మెమరీ

వనపర్తిలో మా చర్చి సంఘం నడిపే చిన్న దవాఖానలో రోగుల వివరాలుండే కంప్యూటర్‌ను నేనే చూసుకుంటాను. ఒక దశలో అది వారానికి రెండుసార్లు ఆగిపోయేది. మందుల చీటీలు రాక, కోడేరు నుంచి వచ్చినవాళ్లు బెంచీల మీదే ఉండిపోయేవారు. కారణం తెలిసేది కాదు.

తప్పు నాదే. కూలిపోయిన క్షణాన ఏం జరిగిందో రాసుకోవడానికి ఆ కంప్యూటర్ తనంతట తానే కొంత మెమరీ పక్కన పెట్టుకుంటుంది. ఊరికే పడి ఉందని, వేగం పెరుగుతుందని, దాన్ని తీసి మిగతా పనులకు ఇచ్చేశాను. దాంతో ఆగిన ప్రతిసారీ కారణం ఎక్కడా నమోదు కాకుండా పోయింది.

ఆ సంగతి మందులిచ్చే అక్కతో చెప్పాను.

"ఎసట్ల బియ్యం పొయ్యకముందే దేవునికి పిడికెడు తీసి వేరే డబ్బల పెడ్త నేను. నువ్వు ఆ డబ్బల బియ్యం గూడ వండుకతిన్నవ్ గద తమ్మీ," అని నవ్వింది.

పంటలో మొదటి భాగం దేవునికి తీసిపెట్టాలనే ప్రథమ ఫలాల మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో. నా పనికీ అవి వర్తిస్తాయని అప్పుడే తోచింది. ప్రార్థన చేసుకుని ఆ మెమరీని మళ్లీ కేటాయించాను.

గురువారం కంప్యూటర్ మళ్లీ ఆగింది. ఈసారి ఒక ఫైలు మిగిల్చింది. కొత్తగా పెట్టిన నెట్‌వర్క్ కార్డే కారణమని అందులో తేలింది. కార్డు తీసి పాతది పెట్టాను.

"దొరికిందా?"

"దొరికిందక్కా."

"స్తోత్రం. ఇగ చీటీ తియ్యి, పెద్దాయన పొద్దటి సంది కూసున్నడు."