ముందు జెండా కనబడేదాకా

గురువారం మధ్యాహ్నం ఇక్కడ గల్ఫ్‌లో, ముషైరిబ్‌లోని మా ఆఫీసులో కూర్చుని బల్లి బొరియల లెక్క కంప్యూటర్లో ఎక్కిస్తుండగా ఫోన్ మోగింది. నజ్మాలో, నా బండి నడిపే చిచ్చాతో ఒకే గదిలో ఉండే వంటాయన. "మేడం, చిచ్చా పోయిండు. పొద్దున నమాజుకు లేచిండట, ఛాతి పట్టుకోని కూసున్నడట. ఆస్పత్రిదాకా సుత అందలే," అన్నాడు. నెల రోజుల సెలవు మీద జగిత్యాల వెళ్ళిన మనిషి. శనివారం తిరిగి రావాలి. ఆయన లేని ఈ నెలంతా నేను ఎడారికి వెళ్ళలేదు, ఆఫీసు పనే చూసుకున్నాను.

మీకు నిజం చెబుతాను. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు వచ్చింది భయం. ఆదివారం పొద్దున ఎడారికి వెళ్ళాలి, కారు దిగి ఒంటరిగా నడవాలి, వెనక్కి తిరిగి చూస్తే ఆయన ఉండడు. మనిషి పోయాడని తెలిసిన క్షణంలో నా గురించి నేను భయపడ్డందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

నేను వన్యప్రాణుల మీద పనిచేసే జీవశాస్త్రవేత్తను. మాది కాకినాడ. ఉద్యోగం పేరు గొప్పగా ఉంటుంది కానీ, చేసేది తల వంచుకుని రాళ్ళ నేల మీద నడవడమే. ఇక్కడ దబ్ అనే ముళ్ళతోక బల్లి ఉంటుంది, చిన్న ఉడుమంత. అది ఎన్ని బొరియల్లో కాపురం ఉందో నేను లెక్కపెడతాను. ఒకే బొరియని రెండుసార్లు లెక్కపెట్టకుండా, చూసినదాని పక్కన చిన్న నారింజ రంగు జెండా గుచ్చుతాను. తిరిగి వచ్చేటప్పుడు ఒక్కొక్కటే పీక్కుంటూ వస్తాను. ఎడారిలో మన చెత్త ఒక్కటీ మిగలకూడదని మా నియమం. చిచ్చా మా కంపెనీ డ్రైవరు. దుఖాన్ రోడ్డు దిగి ఆ గుంతల దారుల్లో ఆరేళ్ళు నన్ను తిప్పాడు.

ఊళ్ళో అందరూ నన్ను గుండె ధైర్యం ఉన్న పిల్ల అంటారు. ఎక్కడి ధైర్యం? మొదటి రోజు నుంచీ నాకు ఎడారంటే భయమే. ఎటు తిరిగినా ఒకేలా ఉంటుంది, కాసేపు నడిస్తే వచ్చిన వైపేదో కూడా తెలియదు. ఆ సంగతి చిచ్చా కనిపెట్టాడు. కనిపెట్టానని మాత్రం ఎన్నడూ అనలేదు. కారు ఎప్పుడూ రోడ్డు వైపు ముఖం పెట్టే ఆపేవాడు. నేను దిగగానే అద్దం దించి అడిగేవాడు.

"బేటా, ఎండ ఏ చెంపకున్నది?"

"కుడి చెంపకి, చిచ్చా."

"మరి వచ్చేటప్పుడు ఎడమ చెంపకుండాలె. లేకుంటే బహ్రెయిన్‌ల తేల్తవ్."

ఒకసారి ఒక బొరియ పక్కనున్న పెద్ద రాయి చూపించాడు. ఇల్లు మరిచిపోకుండా దబ్ ఇలా రాయి ఉన్నచోటే తవ్వుకుంటుందని ఒంటెలు కాసే ముసలాయన ఎవరో చెప్పారట. "బల్లి సుత గుర్తు వెట్టుకోని ఇల్లు కట్టుకుంటది. నువ్వేమో గింత చదువు చదివి బండి యాడున్నదో మరుస్తవ్," అని నవ్వాడు.

మూడేళ్ళ కిందట ఒక రోజు నలభయ్యో జెండా దాకా వెళ్ళి తిరిగాను. గాలి లేచింది. చూస్తుండగానే నేలా ఆకాశమూ ఒకటే రంగైపోయాయి. ఎండ ఏ చెంపకీ లేదు. చేతిలోని జీపీఎస్ బ్యాటరీ అయిపోయింది, కొత్తవి కార్లో సీటు మీద ఉన్నాయి. అయినా జెండాలున్నాయి కదా అనుకున్నాను. గాలికి కొట్టుకుపోతాయేమోనని గబగబా పీకుతున్నాను. ఇరవై మూడోది పీకి తలెత్తితే ఇరవై రెండోది కనబడలేదు.

నాలుగడుగులు ముందుకు వేశాను. లేదు. ఉన్నచోటికే వెనక్కి వద్దామనుకున్నాను, కానీ ఆ చోటికి గుర్తు ఏది? అక్కడుండాల్సిన జెండా నా చేతిలోనే ఉంది.

అప్పుడు నేను పరిగెత్తాను. తప్పిపోతే కదలకుండా కూర్చోమని ఆయన వందసార్లు చెప్పాడు. కాళ్ళు వినలేదు. నోటినిండా దుమ్ము. అమ్మా అని అరిస్తే ఆ అరుపు నా చెవికే సరిగా వినపడలేదు. ఇక్కడే పడిపోతే ఎన్నాళ్ళకి దొరుకుతానో అని కూడా అనుకున్నాను. చివరికి రాయి తగిలి బోర్లాపడ్డాను, మళ్ళీ లేవలేకపోయాను. అలా పడబట్టే బతికాను.

ఎంతసేపటికో హారన్ వినపడింది. ఆగింది. మళ్ళీ ఇంకోవైపు నుంచి. కొంచెం నడిపి, ఆపి, ఇంజను కట్టేసి, హారన్ కొట్టి, నా గొంతు వినపడుతుందేమోనని చెవి పెట్టి కూర్చుని, మళ్ళీ కొంచెం నడిపి, అలా వెతుక్కుంటూ వచ్చాడు. నా పక్కనే కారు ఆగింది. చిచ్చా తిట్టలేదు. నీళ్ళ సీసా మూత తీయబోతే రాలేదు. ఆయన వేళ్ళు అంతగా వణుకుతున్నాయి.

"మీకూ భయమేసిందా చిచ్చా?"

"ఎయ్యదా? భయం లేనోడు డిజర్ట్‌ల బండి నడపొద్దు. నడిపితే మనుషుల పానం తీస్తడు." నా పిడికిట్లోని జెండాల కట్ట కేసి కాసేపు చూశాడు. "ముందు జెండా కనవడేదాకా ఉన్న జెండా పీకకు బేటా. గంతే."

ఆ తర్వాత ఆ మాట ఒక్కసారీ తప్పలేదు.

మొన్న శుక్రవారం జగిత్యాలకు ఫోన్ చేశాను. ఆయన భార్య తీసింది. "దుబాయ్ మేడమా?" అంది. ఆమెకు గల్ఫంతా దుబాయే. "నీ గురించే చెప్తుండె బిడ్డా. నువ్వు బండి దిగినంక మళ్ళ కనవడేదాకా తస్బీ తిప్పుకుంట కూసుంటడట. ఆ పిల్ల ఒక్కతే పోతది, నాకు పానం ఆగదు అనేటోడు," అని ఏడ్చింది.

కారు అద్దానికి వేలాడే ఆ తస్బీ పూసల దండని ఆరేళ్ళు చూశాను. నేను దిగేసరికి అది ఆయన చేతిలోకి వచ్చేది. ఆయన రోజూ చేసుకునే ప్రార్థనే అనుకున్నాను. అది నా కోసమని తెలియదు. తెలిసి ఉంటే ఒక్కసారైనా త్వరగా తిరిగి వచ్చేదాన్ని.

ఆదివారం కొత్త డ్రైవరుతో వెళ్ళాను. నేపాల్ మనిషి, మంచివాడు. అడిగితే కారు రోడ్డు వైపు తిప్పి ఆపాడు. దిగాక కాసేపు అక్కడే నిలబడ్డాను. అద్దం దిగలేదు. ఎవరూ అడగకపోయినా "కుడి చెంపకి" అని పైకే అనుకుని బయలుదేరాను. పది అడుగులకోసారి వెనక్కి తిరిగి కారు చూసుకున్నాను. నలభై గుచ్చాల్సినచోట పదిహేను గుచ్చి తిరిగాను.

ఎండ ఎడమ చెంపకి వచ్చింది. ముందుది కనబడ్డాకే ఒక్కొక్కటీ పీకాను. ఆఖరిదాని దగ్గర వంగాను. దాని ముందు జెండా లేదు, కారే ఉంది. ఇన్నాళ్ళూ ఆ చోట చిచ్చా ఉండేవాడు. కారు బాగానే కనబడుతోంది, లోపల కొత్తాయన ఫోన్ చూసుకుంటున్నాడు. పీకేయొచ్చు. కానీ చేయి రాలేదు.

కారు కదిలాక వెనక్కి తిరిగి చూశాను. ఒక రాయి పక్కన, బొరియ ముందు, నారింజ జెండా ఒక్కటే గాలికి కొట్టుకుంటోంది.